బల్ల ఒకటే, ఊళ్లు నాలుగు

ఆదివారం పొద్దున్న ఏడున్నరకి నువ్విక్కడ హైదరాబాద్‌లో కూర్చుంటే, డాలస్‌లో మీ బాబాయి పిల్లలకి శనివారం రాత్రి ఎనిమిది. అది చలికాలం లెక్క. మార్చిలో వాళ్లు గడియారాలు గంట ముందుకి తిప్పుకున్నాక అదే ఏడున్నర వాళ్లకి రాత్రి తొమ్మిదవుతుంది, చిన్నదానికి నిద్ర ముంచుకొస్తుంది. కాబట్టి నాన్నా, ఆటకి ఏ సాఫ్ట్‌వేర్ అని అడిగే ముందు ఆట ఎన్నింటికో తేల్చుకో. డిస్కార్డ్ అనే కబుర్ల యాప్‌లో ఒక ఈవెంట్ పెట్టావంటే ఎవరి ఫోన్లో వాళ్ల ఊరి టైమే కనబడుతుంది. కంప్యూటర్లు సమయాన్ని లోపల మామూలుగా దాచుకునేది 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకండ్ల సంఖ్యగా. ఆ సంఖ్య హైదరాబాద్‌కీ డాలస్‌కీ ఒకటే కాబట్టి వాళ్ల గడియారం ముందుకి జరిగినా వెనక్కి జరిగినా ఎవరూ వేళ్లు మడిచి లెక్కపెట్టుకోనక్కర్లేదు.

నువ్వు రాసి పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ల జాబితా చూశాను. రోల్20, ఫౌండ్రీ, ఫాంటసీ గ్రౌండ్స్, ఔల్‌బేర్ రోడియో, డి అండ్ డి బియాండ్. వీటిలో ఏది మంచిదని అడిగావు. ముందు ఆ జాబితా పక్కనే ఇంకో జాబితా రాయి: ఆటలో ఎవరెవరు, ఎవరి దగ్గర ఏముంది. డాలస్‌లో అన్నాచెల్లెళ్లిద్దరికీ కలిపి ఒక మంచి కంప్యూటర్ ఉంది. బెంగళూరు వదినకి ఆఫీసు వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్ ఉంది. విజయనగరం అన్నయ్యకి ఫోను, మొబైల్ డేటా. నీకు ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్, నాలుగేళ్ల నాటి కంప్యూటర్. ఈ రెండో జాబితాలో అందరికంటే బలహీనంగా ఉన్న వరస ఏదో దాన్ని పట్టుకుని మొదటి జాబితా చదవాలి. నా మటుకు నాకు ఈ ఎంపికలో ఇంతకంటే పెద్ద సూత్రం కనబడలేదు.

మీ నాయనమ్మ కూడా వింటోంది కాబట్టి ఆట గురించి నాలుగు ముక్కలు. 1974లో అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే ఊరి నుంచి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట వెలువడింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దాన్ని తయారుచేశారు. మొదటిసారి అచ్చువేసింది వెయ్యి పెట్టెలు. ఒకరు కథ నడుపుతారు, వాళ్లని గేమ్ మాస్టర్ అంటారు. తక్కినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు: ఒకడు కత్తి తిప్పేవాడు, ఒకామె మంత్రగత్తె, ఇంకొకడు తాళాలు విప్పే దొంగ. "గుహలోకి దిగుతున్నాం, ఎడమవైపు నీళ్ల చప్పుడు వినబడుతోంది, ఏం చేస్తారు?" అని గేమ్ మాస్టర్ అడుగుతాడు. తాడు వేసి దిగుతానంటే దిగగలడో లేదో పాచిక చెబుతుంది. ఓడటం, గెలవడం అంటూ విడిగా ఏమీ లేదు, కథ సాగుతూ ఉంటుంది.

ఇదంతా ఒక బల్ల చుట్టూ కూర్చుని ఆడేది. ఆ బల్ల చేసే పనులు విడదీసి చూస్తే నాలుగు: అందరి గొంతులూ అందరికీ వినబడేలా చేయడం, పాచిక అందరి ముందూ పడేలా చేయడం, పటం పరచడానికి చోటివ్వడం, పాత్రల కాగితాలూ నియమాల పుస్తకాలూ మోయడం. ఊళ్లు వేరైనప్పుడు ఈ నాలుగు పనులూ ఒకే సాఫ్ట్‌వేర్ చేయాలని రూలేమీ లేదు. దేని శాస్త్రం దానిదే.

ముందు మాట సంగతి. తక్కిన మూడూ పాడైనా ఆట నడుస్తుంది, మాట తెగితే నడవదు. మనుషులు మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి పట్టే సమయం ఇంచుమించు 200 మిల్లీసెకండ్లు, అంటే సెకండులో ఐదో వంతు. పది భాషలు మాట్లాడేవాళ్ల సంభాషణల్ని కొలిచి 2009లో ఈ లెక్క ప్రచురించారు. భాషకీ భాషకీ తేడా ఉన్నా అది చిన్నదే. అవతలివాడి వాక్యం పూర్తి కాకముందే మన మెదడు జవాబు సిద్ధం చేసుకుంటుంది కాబట్టే ఇంత త్వరగా అందుకోగలుగుతున్నాం.

ఇప్పుడు దూరం చూడు. హైదరాబాద్ నుంచి డాలస్‌కి భూమి గుండ్రం మీద అతి దగ్గర దారి 14 వేల కిలోమీటర్ల పైచిలుకు. గాజు తీగలో కాంతి సెకండుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. శూన్యంలో దాని వేగంలో ఇది మూడింట రెండు వంతులు. అంటే మధ్యలో వంకర లేకుండా తీగ పరిచినా నీ మాట అక్కడికి చేరడానికి 70 మిల్లీసెకండ్లు, వాళ్ల జవాబు రావడానికి ఇంకో 70. నిజం తీగలు సముద్రాల అడుగున చుట్టూ తిరిగి వెళ్తాయి, దారిలో బోలెడు యంత్రాలు అందుకుని ముందుకి తోస్తాయి. రానూపోనూ 200 దాటడం మామూలే. దీనికి తోడు మైకు మాటని చిన్న చిన్న ముక్కలుగా కోసి కుదించాలి, అవతల చెవి దగ్గర ముక్కలు వరసగా చేరేదాకా కాసేపు ఆపి ఉంచాలి. వాటన్నిటికీ తలా కొంత ఆలస్యం.

అందుకే డాలస్ వాళ్లతో మాట్లాడుతుంటే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఆగి, "నువ్వు చెప్పు", "కాదు నువ్వే చెప్పు" అనుకుంటారు. మనకి అలవాటైన ఐదో వంతు సెకండు గడిచినా అవతలి గొంతు రాకపోయేసరికి వాళ్లు ఊరుకున్నారనుకుని మనం ఎత్తుకుంటాం. ఆ సరికి వాళ్ల మాట సముద్రం అడుగున దారిలో ఉంటుంది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకండ్ల లోపు ఉంటే సంభాషణ హాయిగా సాగుతుందనీ, 400 దాటకూడదనీ అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఎప్పుడో ప్రమాణం పెట్టింది. ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ కొన్నా కాంతి వేగం పెరగదు కాబట్టి ఆ 70 మిల్లీసెకండ్లు తగ్గేవి కావు. వాటి మీద అదనంగా పేరుకునేదాన్నే మనం తగ్గించుకోగలం.

డిస్కార్డ్ వాయిస్ ఛానల్ సెట్టింగుల్లో రీజియన్ అని ఒకటుంటుంది. మీ మాటలన్నీ ఏ ఊరి సర్వర్ గుండా పోవాలో అక్కడ నువ్వే ఎంచుకోవచ్చు. దాన్ని ఇండియాకి పెట్టి ఒక పూట, అమెరికాకి పెట్టి ఒక పూట మాట్లాడి చూడండి. హైదరాబాద్, బెంగళూరు, విజయనగరం మూడూ ఇక్కడే ఉన్నాయి కాబట్టి ఇండియాయే బాగుంటుందని నా అంచనా. ఇక్కడివాళ్ల మాట డాలస్ దాకా పోయి తిరిగి ఇక్కడికే రావడమంత దండగ పని ఇంకోటి లేదు.

విజయనగరం అన్నయ్య డేటా గురించి బెంగపడకు. డిస్కార్డ్ ఛానల్ మామూలుగా సెకండుకి 64 కిలోబిట్లు వాడుతుంది. ఎనిమిదితో భాగిస్తే 8 కిలోబైట్లు. ఒక గొంతు గంటసేపు ఆపకుండా మాట్లాడినా 29 మెగాబైట్ల లోపే. మాట లేనప్పుడు పంపేది దాదాపు ఏమీ ఉండదు కాబట్టి నలుగురైదుగురు మూడు గంటలు కబుర్లాడినా వంద మెగాబైట్ల చుట్టుపక్కలే తేలుతుంది. వీడియో పెట్టారంటే మాత్రం ఈ లెక్క ఎన్నో రెట్లు అవుతుంది. మొహాలు చూసుకోవాలని ఉంటే మొదటి పది నిమిషాలు చూసుకుని ఆపేయండి. అందరూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవాలి, ఇది మాత్రం ఖాయం. ఒక్కడు స్పీకర్‌లో వింటే చాలు, అందరికీ తమ గొంతే తిరిగి వినబడుతుంది.

కొన్ని ఆట సాఫ్ట్‌వేర్లలో మాటా వీడియో లోపలే ఉంటాయి. బ్రౌజర్ నుంచి బ్రౌజర్‌కి నేరుగా పంపే పద్ధతిలో నాలుగు యంత్రాలుంటే ఆరు జంటలు. ప్రతివాళ్లూ తమ మాటనీ బొమ్మనీ మూడుసార్లు పంపాలి. డిస్కార్డ్ లాంటి చోట ఒక్కసారి సర్వర్‌కి పంపితే అదే తక్కినవాళ్లకి పంచుతుంది. ఫోన్లో ఉన్నవాడికి ఈ తేడా చాలా పెద్దది. అందుకని పటం ఎక్కడ పరిచినా మాట మటుకు విడిగా ఉంచమనే చెబుతాను. ఒక్క సంగతి: డాలస్ చిన్నదానికి ఇంకా పన్నెండే. డిస్కార్డ్ పదమూడు నిండినవాళ్లకే. కాబట్టి అది వాళ్లన్న పక్కన కూర్చుని ఆడాలి, మీ బాబాయి అదే గదిలో ఉండాలి.

ఇక పాచికలు. ఇక్కడ తగువు రాక తప్పదు. "ఈ సాఫ్ట్‌వేర్ మోసం చేస్తోంది, నాకు ఇరవై పడనే పడదు" అని ఎవరో ఒకరు అంటారు, రాసి పెట్టుకో. ఈ ఆటలో ముఖ్యమైన పాచికకి ఇరవై ముఖాలు, అన్నీ ఒకే కొలత సమబాహు త్రిభుజాలు. చేతిలో దొర్లించినప్పుడు ఏ ముఖానికైనా ఇరవైలో ఒక వంతు అవకాశం ఎందుకో ఆ ఆకారం చూస్తేనే తెలుస్తుంది. కంప్యూటర్‌కి ఆ ఆకారం లేదు, అంకెలే ఉన్నాయి.

కంప్యూటర్ 0 నుంచి 255 దాకా ఏదో ఒక అంకె తీసిందనుకో. మనకి కావలసింది 1 నుంచి 20. దాన్ని 20తో భాగించి, శేషానికి 1 కలిపితే సరిపోతుందని కొత్తగా ప్రోగ్రాం రాసేవాళ్లకి ఎవరికైనా అనిపిస్తుంది. 0 నుంచి 255 దాకా మొత్తం 256 అంకెలు. అందులో 20 పన్నెండుసార్లు పోగా 16 మిగులుతాయి. ఆ మిగిలిన 16 పోయి 0 నుంచి 15 వరకూ ఉన్న శేషాల మీద తలా ఒకటి పడతాయి. దాంతో పాచిక మీద 1 నుంచి 16 వరకూ ఒక్కొక్కటీ 256లో 13 సార్లు వస్తే, 17, 18, 19, 20 మాత్రం 12 సార్లే వస్తాయి. మనం ఎదురుచూసే పెద్ద అంకెలకే కోత పడుతుంది. మందు చాలా చిన్నది: 240 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే దాన్ని పారేసి ఇంకోటి తీయాలి. మిగిలిన 240 అంకెలూ ఇరవై ముఖాలకీ తలా పన్నెండు చొప్పున సమంగా పంచుకుంటాయి.

పేరున్న సాఫ్ట్‌వేర్లు ఇంతకంటే ఎంతో పెద్ద అంకెలతో జాగ్రత్తగా పనిచేస్తాయి. ఫౌండ్రీలో మెర్సెన్ ట్విస్టర్ అనే పద్ధతి ఉంది. జపాన్ గణితవేత్తలు మత్సుమోతో, నిషిమురా 1997లో తయారుచేశారు. అది ఇచ్చే అంకెల వరస మళ్లీ మొదటికి రావాలంటే 2ని 19937 సార్లు వేసి గుణించి అందులోంచి ఒకటి తీసేసినన్ని అంకెలు గడవాలి. ఆ సంఖ్య రాస్తే ఆరువేల రెండు అంకెల పొడుగు. రోల్20 వాళ్లు కాంతి పుంజం శక్తిలో వచ్చే సూక్ష్మమైన హెచ్చుతగ్గుల్ని కొలిచి వాటినుంచి అంకెలు తీస్తారు. మీ ఆటకి ఏదైనా ఒకటే.

మరి ఇరవై పడలేదన్నవాడికి ఏం చెప్పాలి? లెక్క చెప్పు. ఒక్కసారి వేసినప్పుడు ఇరవై పడకపోయే అవకాశం 95 శాతం. ఇరవైసార్లు వేసినా ఒక్కసారీ పడకపోవడమంటే 0.95ని ఇరవైసార్లు వేసి గుణించాలి. సుమారు 0.36 వస్తుంది. తలా ఇరవైసార్లు పాచిక వేసే పూటలు వంద ఉంటే ముప్పై ఆరు పూటలు ఇరవై మొహం కనబడకుండానే పోతాయన్నమాట. అనుమానం తీరకపోతే రెండువేలసార్లు వేసి రాసుకోమను. ఒక్కో ముఖం వందసార్లు రావాలి, కానీ దానికి పది అటూ ఇటూ ఊగడం సహజ గుణం. 85 వచ్చినా 115 వచ్చినా మోసమేమీ లేదు.

సాఫ్ట్‌వేర్ ఎంచేటప్పుడు పాచిక దగ్గర నేను చూసేది ఒక్కటే: పడిన అంకె అందరి తెరల మీదా ఒకేసారి కనబడుతుందా, ఆ వరస తర్వాత వెనక్కి చూసుకోవడానికి ఉంటుందా. డిస్కార్డ్‌లో పాచికలు వేసే బాట్లున్నాయి, అవి చాలు. విజయనగరం అన్నయ్య నిజం పాచిక కొనుక్కుని చేత్తోనే వేస్తానంటే వేయనివ్వు. అది చేతిలో గలగలలాడటంలో ఉన్న ఆనందం తెర మీద రాదు. మనవాడు చెప్పిన అంకె మనం నమ్మలేకపోతే ఆ ఆట ఎలాగూ ముందుకి పోదు.

పటం దగ్గరికొద్దాం. నువ్వు దిగబోతున్న గొయ్యి ఇక్కడే ఉంది, ఎందుకంటే అందమైన పటాలు చూస్తే నీకు చేతులు ఆగవు. పటం మీద గళ్లుంటాయి, ఒక్కో గడి ఐదడుగుల నేల. 40 గళ్ల పొడుగు, 30 గళ్ల వెడల్పు ఉన్న కోట ఒకటి తీసుకో. గడికి 140 పిక్సెళ్లు పెట్టి గీస్తే బొమ్మ 5600 పిక్సెళ్ల పొడుగు, 4200 వెడల్పు. మొత్తం 2 కోట్ల 35 లక్షల పిక్సెళ్లు. వెబ్‌పీ రూపంలో దాస్తే ఫైలు మూడు నాలుగు మెగాబైట్లే ఉండొచ్చు, చూసి మురిసిపోతాం. కానీ తెర మీద చూపించడానికి ఆ కుదింపు విప్పి ప్రతి పిక్సెల్‌కీ నాలుగు బైట్లు కేటాయించాలి: ఎరుపుకి ఒకటి, పచ్చకి ఒకటి, నీలానికి ఒకటి, పారదర్శకతకి ఒకటి. గుణించి చూడు, 94 మెగాబైట్లు. నాలుగు మెగాబైట్ల ఫైలుతో ఫోను ఎందుకు నీళ్లు నములుతోందో ఇప్పుడు తెలిసిందా? చాలా పాత ఫోన్లలో బొమ్మ ఒక వైపు 4096 పిక్సెళ్లు దాటితే చిత్రాలు చూపించే చిప్ ఒక ముక్కగా పట్టుకోలేదు కూడా. అదే పటం గడికి 70 పిక్సెళ్లకి తగ్గించు: పొడుగు సగం, వెడల్పు సగం, జ్ఞాపకంలో భారం నాలుగో వంతు, అంటే ఇరవై మూడున్నర మెగాబైట్లు. ఫోన్ తెర మీద ఆ రెండిటికీ తేడా పట్టడం కష్టం.

పటం దగ్గర రెండో సంగతి చీకటి. నీ పాత్ర గుహలో మలుపు తిరిగితేనే అవతలి గది కనబడాలి, అప్పటిదాకా నల్లగా ఉండాలి. రోల్20లో దీన్ని డైనమిక్ లైటింగ్ అంటారు, చందా కట్టినవాళ్లకే ఇస్తారు. ఫౌండ్రీలో లోపలే ఉంటుంది. ఇది పనిచేసే తీరు నాకు ఎంతో ఇష్టం. పటంలో గోడలన్నిటినీ నువ్వు గీతలుగా గీసి పెడతావు. పటం మీద నీ పాత్రకి గుర్తుగా పెట్టే బిళ్ల ఉన్నచోట నిలబడి, ప్రతి గోడ రెండు కొనలూ ఏ దిక్కున ఉన్నాయో కోణాలు కొలిచి వరసలో పెట్టుకుంటుంది ప్రోగ్రాం. తర్వాత గడియారం ముల్లు తిరిగినట్టు ఒక చూపు రేఖని చుట్టూ తిప్పుతుంది. గోడ కొన తగలగానే ఆ గోడని లెక్కలోకి తీసుకుంటుంది, రెండో కొన రాగానే వదిలేస్తుంది. ప్రతి క్షణం లెక్కలో ఉన్న గోడల్లో దగ్గరిది ఏదో దాని దగ్గర చూపు ఆగుతుంది. చుట్టూ తిరిగి వచ్చేసరికి ఆగిన చోట్లన్నీ కలిపితే వెలుతురు పడే నేల ఆకారం వస్తుంది. ఫౌండ్రీ ప్రోగ్రాంలో ఈ పని చేసే భాగానికి పేరే క్లాక్‌వైజ్ స్వీప్ పాలిగన్.

బిళ్ల జరిగినప్పుడల్లా ఈ లెక్కంతా మళ్లీ మొదటినుంచి చేయాలి. వంద గోడలుంటే రెండువందల కొనలు, కంప్యూటర్‌కి అది ఆటవిడుపు. కానీ నువ్వు గుహ అంచు వెంట ప్రతి రాయి వంపుకీ చిన్న చిన్న గీతలు గీస్తూ కూర్చుంటే రెండువేల గోడలవుతాయి. అప్పుడు వదిన ల్యాప్‌టాప్ ఫ్యాను హోరెత్తుతుంది. వంపుల జోలికి పోకుండా తిన్నని పొడుగు గీతలతో సరిపెట్టు, చూసేవాడికి తేడా తెలియదు. వెలుతురు గురించి ఒక చక్కటి సిద్ధాంతం ఉంది. 1973లో విక్టర్ క్లీ అనే గణితవేత్త ఒక ప్రశ్న వేశాడు: ఇన్ని మూలలున్న హాలు మొత్తం కనబడాలంటే ఎంతమంది కాపలావాళ్లు చాలు? 1975లో ఖ్వాటల్ అనే ఇంకో గణితవేత్త నిరూపించాడు, మూలల సంఖ్యని మూడుతో భాగించి శేషం వదిలేస్తే వచ్చినంతమంది చాలునని. నువ్వు ముప్పై మూలల గుహ గీస్తే పది కాగడాలతో మూలమూలా వెలిగించవచ్చు, గుహ ఎన్ని మెలికలు తిరిగినా సరే. పదకొండోది ఎప్పుడూ అక్కర్లేదు.

అయితే ఈ చీకటీ వెలుతురూ నీ ఆటకి కావాలా అన్నది ఆలోచించు. ఆటని బట్టి ఉంటుంది. కత్తియుద్ధాలు ఎక్కువగా ఉండే పాత్‌ఫైండర్ లాంటి వాటిలో ఎవరు ఎన్నడుగుల దూరంలో ఉన్నారన్నది ప్రాణం మీదికి వస్తుంది. అక్కడ గళ్లు కావాలి, లెక్కలు చేసిపెట్టే యంత్రమూ కావాలి. 1981లో వచ్చిన కాల్ ఆఫ్ కథుల్హు లాంటి పరిశోధన ఆటల్లో పాత ఉత్తరాలు, పత్రికా కత్తిరింపులు, ఒక ఫొటో చాలు. అవి డిస్కార్డ్‌లో పంపితే సరిపోతుంది, గోడలు గీసే శ్రమే ఉండదు. యంత్రం దెబ్బల లెక్కలన్నీ తనే చేసి తనే ప్రాణం తగ్గించేస్తుంటే పిల్లలు నియమాలు నేర్చుకోరని నా అనుభవం. మొదటి కొన్ని పూటలు కూడికలు, తీసివేతలు నోటితో చేయించు. డాలస్ చిన్నది ఎంత సరదాగా చేస్తుందో చూడు.

తర్వాతి ప్రశ్న, బల్ల ఎవరింట్లో ఉండాలి? కాలేజీ రోజుల్లో ఒకే గదిలో ఉండి ఆ తర్వాత దూరమైన ముగ్గురు స్నేహితులు మళ్లీ కలిసి ఆడుకోవడానికి చేసుకున్నది రోల్20, 2012లో బయటికి వచ్చింది. అది వాళ్ల సర్వర్ల మీదే నడుస్తుంది, నువ్వు బ్రౌజర్ తెరిస్తే చాలు. ఔల్‌బేర్ రోడియో కూడా అంతే, ఇంకా తేలిక: పటం, బిళ్లలు, పటాన్ని కప్పి ఉంచే మబ్బు, పాచికలు, అంతటితో సరి. 2004 నుంచీ ఉన్న ఫాంటసీ గ్రౌండ్స్‌ని కంప్యూటర్‌లో ఎక్కించుకోవాలి, నీ బల్లలో ఫోను ఉంది కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. 2020లో వచ్చిన ఫౌండ్రీ దారి వేరు. గేమ్ మాస్టర్ ఒక్కడు ఒక్కసారి 50 డాలర్లు కట్టి కొంటాడు, తన యంత్రం మీద నడుపుతాడు, తక్కినవాళ్లు పైసా కట్టకుండా బ్రౌజర్‌లో వచ్చి కూర్చుంటారు. నెలనెలా చందా లేదు. నీకు మనసు దాని మీదే ఉందని నాకు తెలుసు.

కానీ ఒక అడ్డు ఉంది. మన దేశంలో చాలా ఇళ్ల ఇంటర్నెట్‌కి సొంత చిరునామా ఉండదు. పాత పద్ధతి చిరునామాలు ప్రపంచం మొత్తానికి 429 కోట్ల చిల్లరే. అవి చాలక కంపెనీలు వందల ఇళ్లని ఒకే చిరునామా వెనక కూర్చోబెడతాయి. మా హాస్టల్లో వార్డెన్ గదిలో ఒక్క ఫోనుండేది. మేం బయటికి చేయాలంటే వెళ్లి చేసుకునేవాళ్లం. బయటినుంచి మోగితే మాత్రం, ఏ గది నంబరో చెప్పకపోతే వార్డెన్ ఎవర్ని పిలుస్తాడు? నీ ఇంటర్నెట్ అచ్చం అంతే. నువ్వు ఏ సైట్‌కైనా వెళ్లగలవు, డాలస్ వాళ్లు నీ కంప్యూటర్ దగ్గరికి రాలేరు. ఫౌండ్రీ 30000 నంబరు పోర్ట్ దగ్గర తలుపు తెరిచి కూర్చుంటుంది, రౌటర్‌లో ఆ తలుపు తెరిచినా పైన కంపెనీ గేటు మూసే ఉంటుంది. దీనికి రెండు మూడు దారులున్నాయి. నీ కంప్యూటరే ముందుగా బయటి సర్వర్‌కి ఒక గొట్టం వేసుకుని, వచ్చేవాళ్లని అందులోంచి రమ్మనేలా చేసే టన్నెల్ సేవలు ఒకటి. క్లౌడ్‌లో చిన్న సర్వర్ అద్దెకి తీసుకుని ఫౌండ్రీని అక్కడే పెట్టడం ఇంకోటి. రెండోదే మేలంటాను. ఆట మధ్యలో మనింట్లో కరెంటు పోతే నువ్వొక్కడివే జారిపోతావు, ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టుకుని తిరిగొస్తావు. సర్వర్ ఇంట్లోనే ఉంటే బల్ల మొత్తం కూలుతుంది.

పుస్తకాల విషయం త్వరగా చెప్పేస్తాను. రోల్20లో కొన్న నియమాల పుస్తకం ఫాంటసీ గ్రౌండ్స్‌కి దానంతటది రాదు, మళ్లీ కొనాలి. అందుకని మొదటి నెలల్లో ఏదీ కొనవద్దు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూల నియమాల్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా విడుదల చేశారు, ఇప్పుడు ఎవరైనా వాడుకోవచ్చు. పాత్‌ఫైండర్ నియమాలు ఆర్కైవ్స్ ఆఫ్ నేథిస్ అనే చోట ఉచితంగా చదువుకోవచ్చు. ఫౌండ్రీలో ఆ ఆటకి కావలసిన ఏర్పాటంతా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు కట్టారు. అంత ఓపిగ్గా చేసిన పని చూస్తే వాళ్లకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. డి అండ్ డి బియాండ్ పాత్రల కాగితాలకి బాగుంటుంది, కాకపోతే కాగితం వాళ్ల దగ్గరే ఉంటుంది. 2024 ఆగస్టులో పాత మంత్రాల స్థానంలో కొత్త నియమాలవి పెడతామని వాళ్లు ప్రకటిస్తే, నడుస్తున్న ఆటలు ఏమవుతాయని ఆటగాళ్లు గట్టిగా అడ్డుచెప్పి మాన్పించారు. అదే సంస్థ సిగిల్ అనే కళ్లు చెదిరే త్రీడీ బల్లని 2025 మొదట్లో విడుదల చేసి, కొద్ది వారాల్లోనే ఆ జట్టులో ఎక్కువమందిని తీసేసింది. మెరుపు చూసి పరుగెత్తకు.

నీ బల్లకి నేను చెప్పేది ఇది. మాటకీ పాచికకీ డిస్కార్డ్. పటానికి ఔల్‌బేర్ రోడియో, అది ఫోన్ బ్రౌజర్‌లోనూ తెరుచుకుంటుంది. పాత్రల కాగితాలు పీడీఎఫ్. వదినకి మాత్రం ఆఫీసు ల్యాప్‌టాప్ ముట్టుకోవద్దని చెప్పు, ఉద్యోగం చేసే యంత్రంలో ఆటలొద్దు, తన సొంత ఫోను చాలు. ఇలా నాలుగైదు పూటలు గడిచి, గోడలూ వెలుతురూ లేక ఆట నిజంగా ఇబ్బంది పడుతోందని మీ అందరికీ అనిపిస్తే అప్పుడు ఫౌండ్రీ కొనిస్తాను, ఆ 50 డాలర్లు నావి. ఫోన్లో దాన్ని నడపడం కష్టం కాబట్టి అప్పటికి విజయనగరం అన్నయ్యకీ వదినకీ చెరో పాత ల్యాప్‌టాప్ కూడా చూడాలి. ఫౌండ్రీకి మారాక ప్రతి ఆట అయ్యాక సర్వర్ ఆపి, వరల్డ్స్ అనే ఫోల్డర్ కాపీ తీసి పక్కన దాచు. నడుస్తుండగా కాపీ తీస్తే డేటాబేస్ సగంలో తెగిన ముక్క వస్తుంది, తర్వాత తెరుచుకోకపోవచ్చు.

ఈ ఆదివారం కథేమీ పెట్టుకోకుండా ఒక అరగంట పరీక్ష పెట్టు. ఒక గది, రెండు తలుపులు, మూడు బిళ్లలున్న చిన్న పటం చాలు. అందరూ తలా పది పాచికలు వేయాలి, ఒకరి తర్వాత ఒకరు తమ బిళ్ల జరపాలి. రీజియన్ ఒకసారి ఇక్కడికి, ఒకసారి అక్కడికి మార్చి మాట ఎలా ఉందో డాలస్ వాళ్లని అడుగు. ఎవరి వంతో పేరు పెట్టి పిలవడం ఇప్పటినుంచే అలవాటు చేసుకో, అప్పుడు ఇద్దరు ఒకేసారి ఎత్తుకునే తగువు సగం పోతుంది. విజయనగరం అన్నయ్య పక్కింటి వైఫై దొరికిందని దాని మీద వస్తానంటాడేమో. వద్దను, ఆట రోజున ఎలా వస్తాడో పరీక్షకీ అలాగే రావాలి, మొబైల్ డేటా మీదే రమ్మను, మేడ మీదికి పోకుండా తను రోజూ కూర్చునే గదిలోంచే రమ్మను.